ఖాళీ స్లిప్‌వే ఖరీదు

విశాఖపట్నంలో 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా ‘జల ఉష’ సముద్రంలోకి జారింది. స్వతంత్ర భారతంలో కట్టిన తొలి పెద్ద ఆవిరి ఓడ అది. కట్టింది వాల్‌చంద్ హీరాచంద్ నడిపిన సింధియా కంపెనీ. దక్షిణ కొరియాలో హ్యుందయ్ సంస్థ ఉల్సాన్ తీరాన యార్డ్ పనులు మొదలుపెట్టింది ఆ తర్వాత ఇరవై నాలుగేళ్లకు, 1972లో. ఇవాళ ప్రపంచంలో తయారయ్యే వాణిజ్య నౌకల్లో చైనా, కొరియా, జపాన్ మూడింటి వాటా తొంభై శాతం పైమాటే. మన వాటా ఒక్క శాతం కూడా లేదు. ముందు బయలుదేరిన వాళ్లం ఇంత వెనకబడ్డాం. సింధియా యార్డ్ 1952లో ప్రభుత్వం చేతికి వచ్చి హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. దశాబ్దాల పాటు నష్టాల్లో ఈదింది. చివరికి 2010లో షిప్పింగ్ శాఖ దాన్ని రక్షణ శాఖకు అప్పజెప్పింది. సరుకు ఓడల కోసం పుట్టిన యార్డ్‌ను బతికించడానికి యుద్ధనౌకల శాఖకు దత్తత ఇచ్చారన్నమాట. ఆ దత్తత ఫలిస్తుందా లేదా అన్నది విశాఖ ఒక్కదానికే పరిమితమైన విషయం కాదు. నౌకాదళ ఆధునీకరణకు పెట్టే ఖర్చు ఒక దేశపు ఓడల పరిశ్రమను మళ్లీ లేపి నిలబెట్టగలదా? ఢిల్లీలో ఏ ప్రభుత్వం ఉన్నా ‘ఆత్మనిర్భరత’ పేరుతోనో, మరో పేరుతోనో అవునని చెబుతూనే ఉంది. ఆ అవునుకు ఆధారం ఎంత ఉందో, ఎక్కడ అది తేలిపోతుందో చూడవలసి ఉంది.

నిలబెట్టగలదనే నా అభిప్రాయం. అయితే నౌకాదళం దగ్గర యార్డ్‌కు దొరికే విలువైన వస్తువు డబ్బు అనుకుంటే లెక్క తప్పుతుంది. డబ్బు ఏ కొనుగోలుదారైనా ఇస్తాడు. నౌకాదళం మాత్రమే ఇవ్వగలిగింది వరస. ఒకదాని వెనక ఒకటి, ఒకే రకం ఓడలు, పదిహేనేళ్ల పాటు. షిప్‌యార్డ్ ఖర్చుల తీరు విచిత్రమైనది. డ్రై డాక్ కట్టి, క్రేన్లు నిలిపి, వేల మందిని జీతాల మీద పెట్టుకున్నాక, స్లిప్‌వే మీద, అంటే ఓడను కట్టి నీళ్లలోకి జార్చే వాలు మీద, ఓడ ఉన్నా లేకపోయినా ఆ ఖర్చు ఆగదు. సరుకు ఓడల యజమానికి ఈ బాధ పట్టదు. కిరాయిలు పెరిగితే ఓడలు కావాలంటాడు, పడిపోతే ఫోన్ ఎత్తడు. 2008కి ముందు కిరాయిలు ఆకాశానికి ఎగిశాయి. మన పశ్చిమ తీరంలో ప్రైవేటు యార్డ్‌లు బ్యాంకు అప్పులు తెచ్చి విస్తరించాయి. ఆర్థిక సంక్షోభం రాగానే ఆర్డర్లు ఆవిరయ్యాయి. ఒకప్పుడు దేశంలో అతి పెద్ద ప్రైవేటు యార్డ్‌గా పేరుపడిన ఏబీజీ 2019లో లిక్విడేషన్‌కు వెళ్లింది. అప్పుల వ్యవహారం కోర్టుల్లో ఉంది, అది వేరే కథ. అవే సంవత్సరాల్లో ముంబయిలో మజగావ్ డాక్, కోల్‌కతాలో గార్డెన్ రీచ్, గోవా షిప్‌యార్డ్ మూతపడలేదు. వాటి యాజమాన్యం తెలివి ఎక్కువని కాదు. నౌకాదళం, తీర రక్షక దళం ఆర్డర్లు ప్రపంచ కిరాయిల మీద ఆధారపడవు.

వరసకు ఇంత విలువ ఎందుకో తెలియాలంటే ఓడ కట్టే తీరును కొంచెం దగ్గర నుంచి చూడాలి. ఉక్కు ప్లేటు యార్డ్‌కు రాగానే ఇసుక లాంటి గుళ్లతో కొట్టి తుప్పు వదలగొట్టి, ప్రైమర్ పూసి, కంప్యూటర్ నడిపే యంత్రంతో కోస్తారు. ముక్కల్ని షాపులో కలిపి బ్లాకులుగా కడతారు. బ్లాకును తరచు తలకిందులుగా కడతారు. కింద నేలలా పరిచింది రేపు ఓడలో పైకప్పు అవుతుంది. ఇలా చేస్తే తల పైకెత్తి, నిప్పురవ్వలు ముఖం మీద రాలుతుండగా చేయవలసిన వెల్డింగ్, కిందికి చూస్తూ తీరిగ్గా చేసే వెల్డింగ్‌గా మారుతుంది. అతుకు నాణ్యతా పెరుగుతుంది, వేగమూ పెరుగుతుంది. అక్కడే పైపులు, కేబుల్ ట్రేలు, గాలి గొట్టాలు బిగించి, బ్లాకును తిప్పి, పెద్ద గొలియత్ క్రేన్‌తో ఎత్తి డాక్‌లో పక్క బ్లాకుకు అతుకుతారు. యార్డ్‌లలో ఒక మోటు లెక్క ఉంది: షాపులో గంట పట్టే పని బ్లాకు మీద మూడు గంటలు, ఓడ పూర్తయ్యాక లోపల ఇరుకులో దూరి చేస్తే ఎనిమిది గంటలు పడుతుంది. ఏ పైపు ఎక్కడ పోతుందో ముందే గీసి ఉంటేనే షాపులో బిగించగలరు. డ్రాయింగు ఆలస్యమైతే, రాడార్ ఏదో తేలకపోతే, ఆ గంట పని ఎనిమిది గంటల పనిగా మారుతుంది. రెండో ఓడకు ఆ డ్రాయింగులు సిద్ధంగా ఉంటాయి, మూడో ఓడకు వెల్డర్‌కు డ్రాయింగు చూడవలసిన అవసరమే తగ్గుతుంది. ఓడలు చవకయ్యేది ఇక్కడే.

మన అనుభవమే దీనికి సాక్ష్యం. బ్రిటిష్ లియాండర్ నమూనాతో మజగావ్ డాక్ కట్టిన నీలగిరి 1972లో నౌకాదళంలో చేరింది. అదే వరసలో ఆరు నౌకలు వచ్చాయి. ఆ ఆరింటి మీద చేయి తిరిగాకే 1983లో గోదావరి వచ్చింది. మన ఇంజనీర్లే నమూనా గీసిన తొలి ఫ్రిగేట్‌కు మన నది పేరు. పాత లియాండర్ ఆవిరి యంత్రాలనే ఉంచుకుని, అంతకంటే పెద్ద ఓడ కట్టి, రెండు సీకింగ్ హెలికాప్టర్లు మోయించారు. ఆ తర్వాత 1997లో ఢిల్లీ, 2014లో కోల్‌కతా, 2021లో విశాఖపట్నం తరగతి డిస్ట్రాయర్లు. ఒక్కొక్కటీ ముందుదాని భుజం మీద కాలు పెట్టి ఎక్కినదే. 2025 ఆగస్టు 26న విశాఖలో ఉదయగిరి, హిమగిరి ఒకేసారి నౌకాదళంలో చేరాయి. ఒకటి ముంబయిది, మరొకటి కోల్‌కతాది, నమూనా ఒకటే. ఉదయగిరి నౌకాదళపు సొంత డిజైన్ విభాగం గీసిన నూరో ఓడ. ఈ తరగతిలో మొదటిదైన కొత్త నీలగిరికి 93 నెలలు పడితే, ఆ వెనక వచ్చిన తారాగిరి 81 నెలల్లో పూర్తయింది. ఏడాది తగ్గింది. 81 నెలలంటే ఏడేళ్లకు మూడు నెలలే తక్కువ, అదేమీ గొప్ప వేగం కాదు. కానీ దిశ సరైనది. టర్కీ కూడా ఇదే దారిన వెళ్లింది. ‘మిల్‌గెమ్’ పేరుతో ఒక చిన్న కార్వెట్ నమూనా పట్టుకుని, 2011లో తొలి నౌక హేబెలియాదాను తమ దళంలో చేర్చి, అదే నమూనాను పాకిస్తాన్‌కు, ఉక్రెయిన్‌కు అమ్మగలిగింది.

వరస తెగితే ఏమవుతుందో కూడా మన దగ్గరే రుజువుంది. 1980లలో జర్మనీ నుంచి నాలుగు జలాంతర్గాములు తీసుకున్నాం. రెండు అక్కడ కట్టారు, రెండు ముంబయిలో మనవాళ్లు కట్టారు: 1992లో శాల్కి, 1994లో శంకుల్. జర్మనీ వెళ్లి శిక్షణ పొందిన వెల్డర్లు, జలాంతర్గామి గుండ్రటి ఉక్కు చట్రాన్ని మిల్లీమీటర్ల లెక్కన అతకగల చేతులు అప్పటికి తయారయ్యాయి. ముడుపుల వివాదంలో ఆ ఒప్పందం ముందుకు సాగలేదు. లైను ఆగింది. పదేళ్లు దాటాక, 2005లో ఫ్రాన్స్‌తో స్కార్పీన్ ఒప్పందం కుదిరేసరికి ఆ చేతుల్లో కొన్ని రిటైరయ్యాయి, కొన్ని వేరే పనుల్లోకి పోయాయి. మళ్లీ ఓనమాల నుంచి మొదలు. 2012కు రావలసిన కల్వరి 2017 డిసెంబరులో వచ్చింది. బ్రిటన్ పరిస్థితీ ఇంతే. వాన్‌గార్డ్ తరగతి అయిపోయాక అస్ట్యూట్ తరగతి మొదలయ్యే లోపు బారో యార్డ్‌లో వేల మంది వెళ్లిపోయారు. చివరికి అమెరికా నుంచి నిపుణుల్ని పిలిపించుకోవలసి వచ్చింది. విద్య పుస్తకాల్లో మిగలదు, చేతుల్లో ఉంటుంది. గోదావరి పాయల్లో కోరంగి, నరసాపురం ఒకప్పుడు సముద్రపు ఓడలు కట్టిన రేవులు. బర్మాలో తెలుగువాళ్లందరినీ ‘కోరంగీలు’ అని పిలిచేంతగా ఆ రేవు పేరు మోగింది. తుపాన్లు, పూడిక, ఆవిరి ఓడలు కలిసి ఆ వరసను తెంపేశాయి. తాళ్లరేవు వైపు చెక్క పడవలు కట్టే పని మాత్రం మిగిలింది. అంత తెలిసీ, ఆరో స్కార్పీన్ వాగ్షీర్ 2025 జనవరిలో నౌకాదళం చేతికి అందే నాటికి తర్వాతి జలాంతర్గాముల ఒప్పందం మీద సంతకం పడలేదు. దీన్ని మతిమరుపు అనాలో, అలవాటు అనాలో తెలియదు.

యార్డ్ గోడ బయటికి ఈ ప్రభావం ఎంత దూరం పాకుతుందన్నది తర్వాతి ప్రశ్న. ఇక్కడ ఉక్కు కథ చెప్పి తీరాలి. కొచ్చిలో విక్రాంత్ విమాన వాహక నౌకకు కావలసిన ప్రత్యేక ఉక్కు రష్యా నుంచి రావలసింది. అది సరిగా అందలేదు. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల, డీఎంఆర్ఎల్, డీఎంఆర్ 249 పేరుతో ఆ ఉక్కును రూపొందించింది. సెయిల్ కర్మాగారాలు దాన్ని పోతపోసి ప్లేట్లుగా సాగదీశాయి. విక్రాంత్‌కే దాదాపు 30,000 టన్నులు వెళ్లింది. ఆ తర్వాతి యుద్ధనౌకలన్నింటికీ అదే ఉక్కు. విక్రాంత్ 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరింది. అందులో స్వదేశీ భాగం 76 శాతమని లెక్క. చిన్న, మధ్యతరహా సంస్థలే వందకు పైగా దాని పనిలో పాలుపంచుకున్నాయి. ఒక ఆలస్యం నుంచి శాశ్వతంగా ఒక పరిశ్రమ పుట్టడమంటే ఇది. సరుకు ఓడల కొనుగోలుదారు ఎవరూ ఉక్కు దొరికేదాకా ఏళ్ల తరబడి ఆగేవాడు కాదు, కొరియాకు వెళ్లిపోయేవాడు. నౌకాదళానికి ఆగక తప్పలేదు, అందుకే ఉక్కు వచ్చింది. దీనికి పక్కనే ఒక విడ్డూరమూ ఉంది. విశాఖలో యార్డ్ ఉంది, అదే ఊళ్లో సముద్రం ఒడ్డున ఉక్కు కర్మాగారమూ ఉంది. ఆ కర్మాగారం తయారు చేసేది ఇళ్లకు వాడే కడ్డీలు, వైర్ రాడ్లు, స్ట్రక్చరల్స్. ఓడకు కావలసింది ప్లేటు. ప్లేటు కోసం ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కర్మాగారాల వైపు చూడాలి. పొరుగున ఉన్నంత మాత్రాన రెండు పరిశ్రమలు కలవవు. మధ్యలో ఎవరో ఒకరు ప్లేటు మిల్లుకు సరిపడా గిరాకీ చూపించాలి.

ఇక అభ్యంతరాలు. అన్నింటిలో బలమైనది అమెరికా ఉదాహరణ. ప్రపంచంలో అతి ఖరీదైన నౌకాదళం వాళ్లది. యుద్ధనౌకలన్నీ సొంత యార్డ్‌లలోనే కట్టుకుంటారు. వరసలు కూడా పొడవైనవే. అయినా వాణిజ్య నౌకా నిర్మాణంలో అమెరికా వాటా ఒక్క శాతం లేదు. 1981లో రీగన్ ప్రభుత్వం సరుకు ఓడల సబ్సిడీ ఆపి, నౌకాదళాన్ని భారీగా పెంచింది. యార్డ్‌లు నౌకాదళం నీడలోకి వెళ్లి మళ్లీ ఎండలోకి రాలేదు. యుద్ధనౌక కట్టే యార్డ్‌కు ధర గురించి కంటే నియమాల గురించి ఆలోచించే అలవాటు పడుతుంది. గంటల లెక్క వదులైపోతుంది. ఖర్చు ఎంతైనా ఇచ్చే ఒక్క కొనుగోలుదారు ఉన్నప్పుడు, పైసా పైసా బేరమాడే గ్రీకు యజమాని కోసం ఎవరు పాకులాడతారు? ఈ అభ్యంతరాన్ని నేను కొట్టిపారేయను. కొరియా వాళ్లు సరుకు ఓడలతో మొదలై 1980 నాటికి ఫ్రిగేట్‌ను నీళ్లలోకి దించారు. దారి అటు నుంచి ఇటు సులువు, ఇటు నుంచి అటు కష్టం.

కష్టమే కానీ అసాధ్యం కాదనడానికి కొచ్చి ఉంది. జపాన్ మిత్సుబిషి సాయంతో సరుకు ఓడల కోసమే కట్టిన యార్డ్ అది. తొలి ఓడ రాణి పద్మిని 1981లో బయటికొచ్చింది. విక్రాంత్ చేతికి తీసుకున్నాక కూడా కొచ్చి విదేశీ ఆర్డర్లు వదులుకోలేదు. నార్వేకు విద్యుత్తుతో నడిచే నౌకలు కట్టింది, ఐరోపా గాలిమరల క్షేత్రాలకు సేవా నౌకలు కడుతోంది. 2025 అక్టోబరులో ఫ్రాన్స్‌కు చెందిన సీఎంఏ సీజీఎం ఆరు ఎల్ఎన్‌జీ కంటైనర్ ఓడలకు దాని దగ్గర లెటర్ ఆఫ్ ఇంటెంట్ పెట్టింది. నౌకాదళం పని స్థిరంగా ఉండటం వల్ల యార్డ్ ఊపిరి పీల్చుకుంది, విదేశీ పని ఉండటం వల్ల చురుకుదనం పోలేదు. యుద్ధనౌకలకే పేరుపడిన గార్డెన్ రీచ్ కూడా 2024 నుంచి ఒక జర్మన్ కంపెనీకి 7,500 టన్నుల సరుకు ఓడల ఆర్డర్లు సంపాదించింది. కొచ్చికీ అమెరికా యార్డ్‌లకూ తేడా ఎక్కడుందంటే, కొచ్చి ఏనాడూ రెండో కొనుగోలుదారును పోగొట్టుకోలేదు. నౌకాదళం ఒక్కటే మిగిలిన యార్డ్ ఆసుపత్రిలో సెలైన్ మీద ఉన్న రోగి లాంటిది. బతికే ఉంటాడు, నడవడు.

రెండో అభ్యంతరం ఖర్చు. సొంతంగా కట్టుకోవడం పేరుతో పన్ను కట్టేవాడి జేబు చిల్లు పడుతోందంటారు. నిరాధారమైన ఆరోపణ కాదు. శివాలిక్ తరగతి మూడు ఫ్రిగేట్లకు మొదట అనుకున్నది 2,250 కోట్లు, అది 8,101 కోట్లకు చేరిందని కాగ్ పదిహేనేళ్ల కిందట ఎత్తిచూపింది. ఆ నివేదిక చెప్పిన కారణాల్లో యార్డ్ కార్మికుడి బద్ధకం కంటే పెద్దది వేరే ఉంది: నమూనా ఖరారు కాకుండానే నిర్మాణం మొదలుపెట్టడం, ఏ క్షిపణి పెడతామో తేలకుండానే దాని చోటు గీయడం. ఇక్కడ తప్పు నౌకాదళానిది కూడా. ఎనిమిదేళ్ల నిర్మాణంలో కొత్త రాడార్ ఏదో మార్కెట్లోకి వస్తుంది, అది కావాలనిపిస్తుంది, గోడలు కోసి కేబుళ్లు మళ్లీ లాగుతారు. అమెరికా వాళ్లు కాన్‌స్టెలేషన్ ఫ్రిగేట్ విషయంలో ఇటలీ నమూనా తెచ్చుకుని, దాన్ని గుర్తుపట్టలేనంతగా మార్చి, 2025 నవంబరులో రెండు ఓడల దగ్గర ఆపేశారు. ఆధునీకరణ పరిశ్రమను లేపుతుందనేవాళ్లు ఈ మాట కూడా ఒప్పుకోవాలి: ప్రతి ఓడనూ ఆధునికం చేయాలనే తహతహే ఆ పరిశ్రమను కూలదోస్తుంది. మూడు ఓడల పాటు ఏమీ మార్చబోమని, కొత్తవన్నీ నాలుగో ఓడకేనని ఒట్టు పెట్టుకోగల అడ్మిరల్ యార్డ్‌కు ఏ సబ్సిడీ కంటే ఎక్కువ మేలు చేస్తాడు.

మూడోది ఇంజన్. 2015లో నౌకాదళం తన స్వదేశీకరణ ప్రణాళికలో ఓడను మూడు ముక్కలుగా చూసింది: తేలే భాగం, కదిలే భాగం, పోరాడే భాగం. తేలే భాగంలో 90 శాతం, కదిలే భాగంలో 60, పోరాడే భాగంలో 30 శాతం మనవని అప్పటి లెక్క. ఆయుధాల్లో ఆ తర్వాత బాగా ముందుకు వచ్చాం. విశాఖలోని నౌకాదళ పరిశోధనశాల ఎన్ఎస్‌టీఎల్ రూపొందించిన వరుణాస్త్ర టార్పెడోను భారత్ డైనమిక్స్ తయారు చేస్తోంది. గ్యాస్ టర్బైన్ మాత్రం ఇప్పటికీ పరాయిదే. విశాఖపట్నం తరగతి డిస్ట్రాయర్లకు టర్బైన్లు వచ్చింది ఉక్రెయిన్‌లోని మికొలాయివ్ నుంచి, ఆ ఊరి మీద 2022 నుంచి బాంబులు పడుతున్నాయి. ఇక్కడ నౌకాదళం బలం సరిపోదు. ఏడాదికి కొద్ది ఓడలే చేర్చుకునే దళం కోసం ఎవరూ మెరైన్ ఇంజన్ల కర్మాగారం పెట్టరు. దానికి వందల ఇంజన్ల గిరాకీ కావాలి. కొరియాలో ఇంజన్ కర్మాగారాలు బతికేది సరుకు ఓడల మీద. అంటే ఒక హద్దు దాటాక నౌకాదళానికి తన అవసరం తీరడానికే వాణిజ్య యార్డ్‌లు కావాలి. 2025 సెప్టెంబరులో కేంద్రం ప్రకటించిన 69,725 కోట్ల ప్యాకేజీని నేను అలాగే చూస్తాను. నిర్మాణ సాయం, 25,000 కోట్ల సముద్ర నిధి, యార్డ్‌ల సామర్థ్యం పెంపు అందులో ఉన్నాయి. నౌకాదళం లేపిన మనిషికి నడక నేర్పే ప్రయత్నం అది. ఆలస్యమైంది, కానీ తప్పు చోట పెట్టిన డబ్బు కాదు.

మళ్లీ విశాఖకు వద్దాం. దత్తత తర్వాత తొలి ఏళ్లు ఆశాజనకంగా లేవు. సింధుకీర్తి జలాంతర్గామి మరమ్మతు 2006లో మొదలై 2015 దాకా సాగింది. 2018లో ఒప్పందమైన డైవింగ్ సపోర్ట్ నౌకల్లో మొదటిది నిస్తార్, 2025 జూలై 18న నౌకాదళంలో చేరింది. 1971లో విశాఖ ముందు మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ కోసం డైవర్లను దించిన పాత నిస్తార్ పేరే దీనికి పెట్టారు. అది సోవియట్ ఓడ, ఇది విశాఖ ఓడ. వీటన్నింటికంటే నాకు ముఖ్యంగా కనిపించేది 2023 ఆగస్టులో కుదిరిన ఐదు ఫ్లీట్ సపోర్ట్ నౌకల ఒప్పందం. విలువ దాదాపు 19,000 కోట్లు, ఒక్కొక్కటి 44,000 టన్నులు. నడిసముద్రంలో యుద్ధనౌకలకు ఇంధనం, నీరు, మందుగుండు అందించే ఈ ఓడలు పేరుకు నౌకాదళానివే కానీ ఒంటి తీరులో ట్యాంకర్లకు చుట్టాలు. ట్యాంకులు, పంపులు, పెద్ద బ్లాకులు, మందపాటి ప్లేట్లు, ఇవన్నీ సరుకు ఓడ కట్టేవాడికి పనికొచ్చే విద్యలు. వీటిలో రెండింటిని చెన్నై దగ్గరి కాట్టుపల్లిలో ఎల్ అండ్ టీకి అప్పగించారు కాబట్టి ఆ విద్యను రెండు యార్డ్‌లకు పంచినట్లే. 2024 ఏప్రిల్లో తొలి ప్లేటు కోశారు. ఒప్పందం గడువు ఎనిమిదేళ్లు, అంటే 2031. ఐదో ఓడ వెళ్లిపోయే రోజున స్లిప్‌వే ఖాళీగా ఉండకూడదంటే, డ్రాయింగులకు, ఉక్కుకు, ఇంజన్ల బుకింగుకు పట్టే కాలం వెనక్కి లెక్కించి, ఆరో ఓడ సంతకం 2028 నాటికి పడాలి. అది మరో నౌకాదళపు ఓడ అయినా ఫరవాలేదు. మన చమురు కంపెనీల్లో ఏదో ఒకటి అడిగిన ట్యాంకర్ అయితే, జల ఉషను కట్టిన ఆ యార్డ్ మళ్లీ సరుకు ఓడ కట్టినట్లవుతుంది.